‘టాప్ 100 చాలు’ అన్న మెసేజ్‌కి నా జవాబు

మా బంధువుల వాట్సాప్ గ్రూపులో పది రోజులుగా ఒకటే మెసేజ్ తిరుగుతోంది. “విదేశంలో సైకాలజీ పీజీకి టాప్ 100లో ఉన్న యూనివర్సిటీ చూసుకుంటే చాలు. ఇంగ్లండ్‌లో ఏడాదిలో అయిపోతుంది. తిరిగొచ్చి క్లినికల్ సైకాలజిస్ట్ అని బోర్డు పెట్టుకోవచ్చు. అమెరికాలో సైకాలజీ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) కిందికి వస్తుంది, మూడేళ్లు ఉద్యోగానికి ఢోకా లేదు. ఫీజు పార్ట్‌టైమ్‌తో వెళ్లిపోతుంది.” బీఏ సైకాలజీ అయిపోయిన మా మేనకోడలు దీన్నే పట్టుకు కూర్చుంది. అందుకే ఒక్కో ముక్కా విప్పి చూశాను.

ముందు ర్యాంకు సంగతి. మేనకోడల్ని తీసుకుని హనుమకొండలో ఒక కన్సల్టెన్సీకి వెళ్లాను. అక్కడి అమ్మాయి ఐదు పేర్లు రాసి, పక్కన ర్యాంకులు వేసి, ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టింది. “వీటిలో ఏ కోర్సుకి అక్కడి సైకాలజీ సంఘం గుర్తింపు ఉందమ్మా?” అని అడిగితే “అన్నీ మంచివే అంకుల్” అంది. క్యూఎస్ అనే సంస్థ ఇచ్చే ప్రపంచ ర్యాంకుల్లో 30 శాతం మార్కులు ప్రొఫెసర్ల అభిప్రాయ సర్వేవే. కోర్సులో పేషెంట్ల దగ్గర ఎన్ని గంటలు ట్రైనింగ్ ఇస్తారన్నది ఆ లెక్కలో లేనే లేదు.

ఏడాది పీజీ అన్నది నిజమే. ఆ తర్వాతి మాటే అబద్ధం. బ్రిటన్‌లో క్లినికల్ సైకాలజిస్ట్ అన్న పేరు చట్టం కాపాడే హోదా. ఆరోగ్య వృత్తుల వాళ్లని నమోదు చేసుకునే అక్కడి సంస్థ హెచ్‌సీపీసీలో నమోదు కావాలి, దానికి మామూలు దారి మూడేళ్ల డాక్టరేట్. వేరే చదువుల వాళ్లని సైకాలజీలోకి తెచ్చే ఏడాది కన్వర్షన్ కోర్సుకి బ్రిటిష్ సైకలాజికల్ సొసైటీ గుర్తింపు ఉంటే ఆ దారిలో మొదటి మెట్టు ఎక్కినట్టు. లేకపోతే ఆ మెట్టు కూడా లేదు. ఆస్ట్రేలియాలో అయితే ఆరేళ్ల దారి, అందులో నాలుగో ఏడాది ఆనర్స్‌తో సమానమైన చదువు. మన మూడేళ్ల బీఏతో నేరుగా మాస్టర్స్‌లో కూర్చోవడం కష్టం.

ఇక్కడ బోర్డు పెట్టుకోవడం ఇంకో కథ. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం క్లినికల్ సైకాలజిస్ట్ ఎవరో స్పష్టంగా చెప్పింది. రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన అర్హత ఉండాలి. ఇన్నాళ్లూ మనవాళ్లు పీజీ తర్వాత రెండేళ్ల ఎంఫిల్ చేసింది అందుకే. లండన్ డిగ్రీ ఫ్రేము కట్టి వరంగల్ చౌరస్తాలో వేలాడదీసినా ఆ అర్హత రాదు.

స్టెమ్ మాట సగం నిజం. కాగ్నిటివ్, ఎక్స్‌పెరిమెంటల్ లాంటి పరిశోధన వైపు కోర్సులు ఆ జాబితాలో ఉన్నాయి. మా పిల్లకి కావలసిన క్లినికల్, కౌన్సెలింగ్ మామూలుగా అందులో లేవు. అంటే చదువయ్యాక అక్కడ ఉద్యోగం చేసుకునే అనుమతి, ఓపీటీ, 12 నెలలే, అంతే. మరో 24 నెలల పొడిగింపు రాదు. వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం మీద ఏ కోర్సు కోడ్ వేస్తారో యూనివర్సిటీనే అడగాలి, ఏజెంటుని కాదు. పైగా అక్కడ సైకాలజిస్ట్ లైసెన్సుకి చాలా రాష్ట్రాలు డాక్టరేట్ అడుగుతాయి.

పార్ట్‌టైమ్ గురించి ఎక్కువ చెప్పను. బ్రిటన్‌లో క్లాసులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే. దాంతో గది అద్దె, తిండి గడిస్తే గొప్ప.

“మరి జర్మనీ మామయ్యా? ఫీజు లేదట కదా” అంది మేనకోడలు. చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో లేదు, కానీ డిగ్రీలో సైకాలజీ, స్టాటిస్టిక్స్ ఎన్ని క్రెడిట్లు చదివావో లెక్కపెడతారు. తన బీఏ మూడు సబ్జెక్టుల కలగలుపు, సైకాలజీ అందులో మూడో వంతు. పైగా థెరపీ చేయాలంటే జర్మన్ రావాలి. పేషెంట్ ఏడుస్తూ చెప్పేది వాళ్ల భాషలోనే కదా.

ఎర్ర సున్నాల ఐదు పేర్లలో ఇప్పుడు రెండు మిగిలాయి. ఆ రెండూ డిగ్రీ సిలబస్ కాపీ స్టాంపుతో సహా అడుగుతున్నాయి. కాలేజీ ఆఫీసులో క్లర్కు సోమవారం రమ్మన్నాడు.