అధికారి ఫోన్‌కి మతిమరుపు వస్తే మనమే సర్దుకుపోవాలి

మంత్రులూ పెద్ద అధికారులూ సొంత ఫోన్లలో పంపుకున్న మెసేజ్‌లు కూడా ప్రభుత్వ రికార్డులేనని, వాటిని జాగ్రత్తగా దాచి అడిగినప్పుడు జనానికి చూపించాలని ఈమధ్య చాలా దేశాల్లో ఒకటే గోల. గోల చేసేవాళ్లకి ఒక చిన్న విషయం తట్టడం లేదు. పదవి పెరిగేకొద్దీ ఫోన్ ఆరోగ్యం పాడవుతుంది. మామూలు మనిషి ఫోన్‌లో పదేళ్ల కిందటి గుడ్ మార్నింగ్ బొమ్మలు కూడా చెక్కుచెదరకుండా ఉంటాయి, మనం చెరిపేద్దామన్నా ఎక్కడో బ్యాకప్‌లోంచి తిరిగొచ్చి పలకరిస్తాయి. అదే ఫోన్ మంత్రిగారి చేతిలో ఉందనుకోండి, విచారణ సంఘం నోటీసు పంపే నాటికి దానికి ఏదో ఒక జబ్బు చేసి ఉంటుంది. ఇది డాక్టర్లు చూడాల్సిన కేసు. కోర్టులకు ఇందులో ఏం పని?

నెదర్లాండ్స్ ప్రధానిగా పనిచేసిన మార్క్ రుట్టే సంగతే చూడండి. 2010 నుంచి దేశాన్ని నడిపిన మనిషి, ఏళ్ల తరబడి ఒక పాత నోకియా ఫోనే వాడారు. అందులో ఇరవై మెసేజ్‌లకు మించి పట్టవట, అందుకని ఏ రోజుకారోజు చెరిపేసేవారట, ముఖ్యమనిపించినవి మాత్రం సిబ్బందికి పంపించేవారట. 2022లో ఈ విషయం బయటపడితే అక్కడి పార్లమెంటులో పెద్ద రభస జరిగింది. ఎందుకు రభస? యూరప్‌లోని సంపన్న దేశాల్లో ఒకదాని ప్రధాని అంత పొదుపుగా బతుకుతుంటే మెచ్చుకోవాల్సింది పోయి అనుమానిస్తారా? ఆయనకి కొత్త ఫోన్ కొనిపెట్టడానికి ఖజానాలో డబ్బు లేదా అని అడిగేవాళ్లుంటారు. అసలు ప్రశ్న అది కాదు. ఏది ముఖ్యం, ఏది కాదు అని తేల్చింది ఎవరు? ఆయనే. పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకుంటే ఎంత టైమ్ కలిసొస్తుందో ఇప్పటికీ మన విద్యాశాఖలకి తెలియలేదు.

బ్రిటన్‌లో జబ్బు ఇంకాస్త ముదిరింది. కోవిడ్ విచారణ సంఘం ఆ రోజుల్లో ప్రధానిగా ఉన్న బోరిస్ జాన్సన్ వాట్సాప్ మెసేజ్‌లు అడిగింది. ఆయన పాత ఫోన్ 2021 మేలోనే పక్కన పెట్టేశారు, ఎందుకంటే ఆయన నంబరు పదిహేనేళ్లుగా ఇంటర్నెట్‌లో అందరికీ కనిపించేలా పడి ఉందని అప్పుడు తెలిసింది. సరే, ఆ ఫోన్ తెరుద్దామంటే పాస్‌కోడ్ గుర్తులేదు. నిపుణులు నానా తంటాలు పడి తెరిస్తే సుమారు 5,000 మెసేజ్‌లు లేవు. ఏ రోజులవి? 2020 జనవరి చివరి నుంచి జూన్ దాకా. అంటే దేశాన్ని ఎప్పుడు మూయాలి, ఎలా మూయాలి, ఎవరిని కాపాడాలి అని కొట్టుకుచచ్చిన రోజులన్నీ అందులోనే ఉన్నాయి, మార్చి 23న ప్రకటించిన లాక్‌డౌన్ సహా. ఫోన్‌కి అంత చరిత్ర జ్ఞానం ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, సరిగ్గా పుస్తకాలకెక్కాల్సిన నెలలనే ఏరుకుని మింగింది. ఆ తర్వాత కొంతకాలానికి ప్రధాని అయిన రిషి సునాక్‌ని అడిగితే, ఫోన్లు చాలాసార్లు మార్చాను, పాత మెసేజ్‌లు కొత్తదాంట్లోకి రాలేదు అన్నారు. స్కాట్లాండ్ వ్యవహారాల మంత్రి అలిస్టర్ జాక్ అయితే ఫోన్‌లో జాగా చాలక 2021 నవంబర్‌లో మొత్తం తీసేశానని చెప్పారు. పాపం.

ఇంతకంటే నన్ను కదిలించింది స్కాట్లాండ్ అధికారుల క్రమశిక్షణ. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సలహాదారు ఒకాయన, జేసన్ లీచ్, రాత్రి పడుకునే ముందు వాట్సాప్ డిలీట్ చేయడం తనకి నిత్యకృత్యమని సహోద్యోగుల గ్రూపులో రాశారు. సరదాకి అన్నానని తర్వాత విచారణలో చెప్పారనుకోండి. మనలో ఎంతమంది పడుకునే ముందు కనీసం పళ్లు తోముకుంటున్నాం? మరో సీనియర్ అధికారి కెన్ థామ్సన్ అదే గ్రూపులో అందరికీ ఒక హెచ్చరిక పెట్టారు: సమాచార హక్కు చట్టం కింద అడిగితే ఇవన్నీ బయటికిస్తారు, 'క్లియర్ చాట్' బటన్ ఎక్కడుందో తెలుసుకుని పెట్టుకోండి అని. చట్టం గురించి ఉద్యోగులకి ఇంత శ్రద్ధగా అవగాహన కల్పించిన అధికారిని నేనింతవరకు చూడలేదు. ఏ సెక్షన్ కింద ఏం అడగొచ్చో తెలిసినవాడికే కదా ఏది ఎప్పుడు చెరపాలో తెలిసేది.

కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ఇది ఏకంగా శాస్త్రం స్థాయికి చేరింది. అక్కడ దానికి 'ట్రిపుల్ డిలీట్' అని పేరు. మెయిల్ తీసేయడం ఒకటి, తీసేసినవి పడే ఫోల్డర్‌లోంచి కూడా తీసేయడం రెండు, తీసేసినవాటిని తిరిగి తెచ్చుకోడానికి సిస్టమ్ ఉంచే బ్యాకప్‌లోంచి కూడా తుడిచేయడం మూడు. 2015లో సమాచార కమిషనర్ దీనిమీద పెద్ద నివేదికే రాశారు. ప్రభుత్వ ఆఫీసులో ఒక పని మూడు దశల్లో, ఎవరూ గుర్తు చేయకుండా, గడువులోపు పూర్తవడం ఎక్కడైనా విన్నారా?

అయ్యా, అవి మా ప్రైవేటు ఫోన్లు కదా, ఇంట్లోవాళ్లతో మాట్లాడుకున్నవి కూడా చూస్తారా అని అధికారులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే, ఇంట్లోవాళ్ల సంగతి ఎవరికీ అక్కర్లేదు. అయితే పిల్లాడి ట్యూషన్ ఫీజు గురించిన మెసేజ్‌కీ వందల కోట్ల కాంట్రాక్టు గురించిన మెసేజ్‌కీ మధ్య ఉన్న సన్నటి తేడా మనలాంటి సామాన్యులకి ఇట్టే తెలిసిపోతుంది గానీ, అంత పని ఒత్తిడిలో ఉన్నవాళ్లకి ఎలా తెలుస్తుంది? కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 2017లో మరీ కఠినంగా మాట్లాడింది. ఫోన్ ఎవరిదన్నది కాదు, పని ఎవరిదన్నదే చూడాలట. ప్రజల పని గురించి రాస్తే సొంత ఫోన్‌లో రాసినా అది ప్రజల రికార్డేనట. అంతకుముందే, 2014లో, అమెరికా కేంద్ర ప్రభుత్వం ఇంకో చట్టం చేసింది: సొంత ఖాతా నుంచి ప్రభుత్వ పని మీద ఏమైనా పంపితే 20 రోజుల్లోపు దాని కాపీ ఆఫీసు ఖాతాకి చేరాలి. ఇరవై రోజులు! కొందరి ఫోన్లలో మెసేజ్ ఆయుష్షు ఏడు రోజులే అయినప్పుడు ఇది అమానుషం కాదూ?

యూరోపియన్ యూనియన్‌కి ప్రభుత్వంలాంటి యూరోపియన్ కమిషన్ వాళ్లు దీనికో తాత్విక పరిష్కారం కనిపెట్టారు. ఫైజర్ కంపెనీ అధిపతితో కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా వాన్ డెర్ లేయన్ టీకాల కొనుగోలు రోజుల్లో మెసేజ్‌లు పంపుకున్నారని న్యూయార్క్ టైమ్స్ రాసింది. 2021 మేలో కుదిరిన ఆ ఒప్పందం 180 కోట్ల డోసుల దాకా. ఆ మెసేజ్‌లు చూపించమంటే, మెసేజ్ అనేది సహజంగానే అల్పాయుష్షు గల వస్తువు, అది దాచుకోదగ్గ పత్రం కాదు అన్న ధోరణిలో జవాబొచ్చింది. నిజానికి వాళ్ల నిబంధనల్లో పత్రం ఏ రూపంలో ఉన్నా పత్రమేనని రాసుంది, కానీ రాసిన ప్రతిదీ చదవాలని ఎక్కడా లేదు కదా. 2025 మే 14న అక్కడి జనరల్ కోర్టు కమిషన్ నిర్ణయాన్ని కొట్టేసింది. మెసేజ్‌లు లేవంటే సరిపోదు, ఎందుకు లేవో నమ్మేలా చెప్పాలంది. నమ్మేలా చెప్పమనడం అధికారులకి ఎంత టెన్షనో ఆ జడ్జీలకి ఏం తెలుసు.

ఈ జబ్బు ఫోన్లతో పుట్టింది కాదు. అమెరికా అధ్యక్షుడు నిక్సన్ కాలంలోనే ఉంది. వాటర్‌గేట్ కుంభకోణం విచారణకి కావాల్సొచ్చిన ఆయన ఆఫీసు సంభాషణల టేపుల్లో, 1972 జూన్ 20 నాటి దాంట్లో పద్దెనిమిదిన్నర నిమిషాలు గాయబ్. ఫోన్ ఎత్తబోతూ పొరపాటున ఒక బటన్ నొక్కి, కాలు టేపు మెషిన్ పెడల్ మీదే ఉంచేశానని, అయినా తనవల్ల పోయింది ఓ ఐదు నిమిషాలేనని సెక్రటరీ చెప్పింది. ఎలా జరిగిందో చూపించమంటే ఆవిడ కుర్చీలో అటొక చెయ్యి ఇటొక కాలు చాచిన ఫొటో ఇప్పటికీ తిరుగుతోంది. ఆ రోజుల్లో సాక్ష్యం చెరపాలంటే ఒళ్లు విల్లులా వంచాల్సి వచ్చేది. ఇప్పుడు సెట్టింగ్స్‌లో ఒక్క బటన్. టెక్నాలజీ పేదవాడికి చేరలేదనేవాళ్లు, కనీసం మంత్రులకి చేరిందని ఒప్పుకోవాలి.

అయితే ఈ మొత్తం వ్యవహారంలో అసలు దోషుల గురించి ఎవరూ మాట్లాడట్లేదు. ఆ స్కాట్లాండ్ మెసేజ్‌లు మనకెలా తెలిశాయి? గ్రూపులో ఎవరో ఒకరు డిలీట్ చేయలేదు! అందరూ బుద్ధిగా చెరుపుకుంటుంటే ఒక్కరి బద్ధకం వల్ల ఇంతమంది పరువు పోయింది. 2025 మార్చిలో అమెరికా భద్రతా పెద్దలు యెమెన్ మీద దాడుల గురించి సిగ్నల్ యాప్‌లో ముచ్చటించుకుంటూ, మెసేజ్‌లు వాటంతటవే మాయమయ్యేలా పెట్టుకుని కూడా, పొరపాటున ఒక పత్రికా సంపాదకుణ్ని గ్రూపులో చేర్చుకున్నారు. ఆయన స్క్రీన్‌షాట్లు తీశాడు. ప్రభుత్వం చేయాల్సిన రికార్డు పని జీతం లేకుండా చేసిపెట్టినందుకు ఆయనకి కృతజ్ఞతలు చెప్పలేదు సరికదా, తిట్టిపోశారు.

ఆ తర్వాత కొన్ని వారాలకే, గ్రూపులో ఆయన్ని చేర్చిన భద్రతా సలహాదారు మైక్ వాల్ట్జ్ మంత్రివర్గ సమావేశంలో ఫోన్ చూసుకుంటుంటే ఒక ఫొటోగ్రాఫర్ క్లిక్‌మనిపించాడు. అందులో ఉన్నది మామూలు సిగ్నల్ కాదు, మెసేజ్‌లన్నిటి కాపీలూ భద్రంగా ఉంచేలా మార్చిన టెలిమెసేజ్ వాళ్ల యాప్. అంటే ఎట్టకేలకు రికార్డులు భద్రపరుస్తున్నారన్నమాట. నేనైతే పొంగిపోయాను. కొద్ది రోజుల్లోనే ఆ కంపెనీని ఎవరో హ్యాక్ చేశారు. ఇక ఏ దేశంలోనైనా ఏ అధికారినైనా మెసేజ్‌లు ఎందుకు దాచలేదని అడిగి చూడండి, భద్రత కోసమే అని ఈ ఒక్క ఉదాహరణే చూపిస్తాడు. దీన్ని మాత్రం ఎవడూ డిలీట్ చేయడు.