లైబ్రరీలో పుస్తకాలు వెతికిపెట్టే కంప్యూటర్ కేటలాగు, మహారాజశ్రీ ఓపాక్ గారి సముఖానికి

అయ్యా,

లైబ్రరీలో ఏసీ ఉన్న ఏకైక మూలలో తమరే కొలువుదీరి ఉంటారు కాబట్టి క్షేమ సమాచారాలు అడగడం లేదు. నిన్న మధ్యాహ్నం భోంచేసి తమరి ముందు కూర్చున్న మనిషిని, వాచ్‌మన్ వచ్చి లైట్లు ఆర్పేదాకా కూర్చునే ఉన్నాను. నేనడిగింది ఒక్కటే, తోలుబొమ్మలాట మీద పుస్తకాలేమున్నాయని. తమరు సెలవిచ్చిందీ ఒక్కటే, ‘ఫలితాలు లేవు’ అని.

ఎందుకుండవండీ? నిమ్మలకుంట మన రాష్ట్రంలోనే ఉంది. అక్కడి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఢిల్లీదాకా తెలిసిన సంగతి పక్క గదిలో ర్యాకులు పెట్టుకున్న తమరికి తెలియలేదు.

తమరి పక్క గోడకు ఒక కాగితం అంటించారు. ఆండ్ వాడితే ఫలితాలు తగ్గుతాయట, ఆర్ వాడితే పెరుగుతాయట, నాట్ వాడితే అక్కర్లేనివి పోతాయట. పదో తరగతిలో సమితులు, వెన్ చిత్రాలు గీసినవాణ్ణే కదా, ఇందులో టెన్షన్ ఏముంది అనుకున్నాను.

నాట్‌తో మొదలుపెట్టాను. ఇంగ్లీషులో పప్పెట్ అని కొడితే తమరు కీలుబొమ్మ ప్రభుత్వాల మీద రాజనీతి పుస్తకాలు వరసపెట్టి దించారు. ప్రభుత్వాలు వద్దు మహాప్రభో అని నాట్ గవర్నమెంట్ అని చేర్చాను. దాంతో ప్రభుత్వం అచ్చువేసిన పుస్తకాలన్నీ ఎగిరిపోయాయి, ప్రచురణకర్త పేరులో ఆ మాట ఉంది గనక. జానపద కళల మీద సర్కారు కాక ఇంకెంతమంది వేస్తారండీ పుస్తకాలు?

తర్వాత ఆండ్ పెట్టి అనంతపురం కలిపాను. 2022లో నిమ్మలకుంట శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లిపోయిందని తమరికి కోపమేమో, ఏమీ చూపించలేదు. పైగా ఆండ్‌ని చిన్నక్షరాల్లో రాస్తే అది మామూలు మాట, పెద్దక్షరాల్లో రాస్తేనే ఆజ్ఞ అట. తమరి దర్బారులో క్యాప్స్‌లాక్ నొక్కి మరీ విన్నవించుకోవాలన్నమాట.

ఇవన్నీ ఓర్చుకున్నాను. ఆర్ దగ్గర మాత్రం నా వల్ల కాలేదు.

పుస్తకం తెలుగు. అట్ట మీద పేరు తెలుగు. వెతికేవాడు తెలుగువాడు. తమరు మాత్రం ఆ పేరును ఇంగ్లీషు అక్షరాల్లో దాచారు. ఏ అక్షరాల వెనక దాచారో నేను ఊహించుకోవాలి. మొదట్లో ఉత్త టీ పెట్టారా, పక్కన హెచ్ తగిలించారా? ఓ ఒకటా, రెండా? ‘లా’ దీర్ఘానికి ఏ ఒకటా, రెండా? అంతా కలిపి రాశారా, మధ్యలో ఖాళీ వదిలారా? ఒక్కో అనుమానానికీ లెక్క రెట్టింపవుతుంది. నాలుగు అనుమానాలకి 16 స్పెల్లింగులు. ఆ పదహారింటినీ ఆర్‌లతో గుచ్చి, అటూ ఇటూ బ్రాకెట్లు కూడా బిగించాను. బ్రాకెట్ లేకపోతే ఆండ్ వెళ్లి చివరి స్పెల్లింగును ఒక్కదాన్నే పట్టుకుని, మిగిలిన పదిహేనింటినీ గాలికొదిలేస్తుంది కదా. అంత జాగ్రత్తగా పంపాను.

ఫలితాలు లేవు!

చివరికి ‘బొమ్మ’ అన్న ముక్కకు, ఆ తర్వాత ఏ అక్షరాలున్నా సరే అని చెప్పే నక్షత్రం గుర్తు తగిలించి కొట్టాను. పిల్లల బొమ్మల కథలు వచ్చాయి. బొమ్మకంటివారు, బొమ్మారెడ్డివారు తరలివచ్చారు. ఆ పెళ్లిసందట్లో ఒక మూల ‘థొల్లు బొమ్మలట’ కనిపించింది. థొల్లు! ఎల్ రెండు. నా 16లో అది లేదు, ఎవరి 16లోనూ ఉండదు. రామాయణం మధ్యలో తెర మీదికి దూకే జుట్టుపోలిగాడు కూడా ఇంత అడ్డదిడ్డంగా మాట్లాడడు.

ఈ ఆండ్, ఆర్, నాట్‌లకు మూలపురుషుడు జార్జ్ బూల్ అనే ఇంగ్లీషు లెక్కల పంతులు. 1854లో ఆలోచనకు సూత్రాలు రాశాడు. ఆయన భార్య మేరీకి, శిఖరానికి పేరిచ్చిన జార్జ్ ఎవరెస్ట్ స్వయానా తండ్రి తోడబుట్టినవాడు. ఆ ఎవరెస్ట్ దొర 1818లో హైదరాబాద్ చేరి, ఆ తర్వాత కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో సర్వే చేస్తూ జ్వరాన పడ్డాడు. ఆ కక్ష ఇలా తీర్చుకుంటున్నారేమోనని నిన్న సాయంత్రం గట్టిగా అనుమానం వచ్చింది. కానీ పాపం బూల్ ఏం చేస్తాడు? ఆయన లెక్కకు ఒకటి, సున్నా తప్ప మరోటి తెలియదు. థొల్లు అని రాసిపెట్టినచోట తోలు అని అడిగితే నిజాయితీగా సున్నాయే ఇస్తుంది.

అందుకే ఆయన్ని వదిలేసి నిన్నే అడుగుతున్నాను. అవును, నిన్నే. తమరూ గిమరూ అయిపోయాయి. అన్ని భాషల లిపులకూ కంప్యూటర్లో చోటిచ్చే యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది. పుస్తకాల వివరాలను గడుల్లో నింపే మీ మార్క్ పద్ధతిలో పుస్తకం పేరును దాని సొంత లిపిలో రాసుకోవడానికి 880 అని ప్రత్యేకంగా ఒక గడి ఇచ్చారు. వేరే రూపాల్లో ఉన్న పేర్లకు 246 అని ఇంకో గడి. నీ దగ్గర రెండూ ఖాళీ! మార్క్ వ్యూ నొక్కి మరీ చూశాను. ఎంట్రీకి ఇంతని లెక్కగట్టి, తెలుగు చదవడం రాని ఎవరిచేతో ఎక్కించినట్టున్నారు. ఆ మనిషికి ఆ పూట ఏ స్పెల్లింగు తోచిందో నేను కలగనాలా? నీ నెత్తి మీద మన గ్రంథాలయ శాస్త్ర పితామహుడు రంగనాథన్ గారి ఫొటో వేలాడుతోంది. లైబ్రేరియన్ కాకముందు ఆయన లెక్కల మాస్టారు. పాఠకుడి సమయం ఆదా చెయ్యమని 1931లోనే తన గ్రంథాలయ సూత్రాల్లో నాలుగోదిగా రాశారు. ఆయన చూస్తుండగానే ఒక మనిషి మధ్యాహ్నాన్ని మింగేశావు, సిగ్గనిపించలేదా?

ఆ 880 నింపించు. అన్నీ ఒకేసారి అక్కర్లేదు, జానపద కళల ర్యాకుతో మొదలుపెట్టు. టైప్ చేసే మనిషి లేడంటావా, శనివారాలు నేనే వస్తాను, టీ డబ్బులు కూడా అడగను. తెలుగు కీబోర్డు ఒక్కటి ఆన్ చేయించు చాలు.

ఇంతకీ ఆ థొల్లు పుస్తకం పక్కన ‘అందుబాటులో ఉంది’ అని పచ్చరంగులో చూపించావు. ర్యాకులో లేదు. దాని గురించి వేరే ఉత్తరం రాస్తాను.