మైకులు తెచ్చుకునేవాళ్లకు వేరే టికెట్టు

అమెరికన్ రాక్ బ్యాండు గ్రేట్‌ఫుల్ డెడ్ అనగానే మనవాళ్లలో చాలామందికి రంగురంగుల టీ షర్టులే గుర్తొస్తాయి. స్టూడియో ఆల్బమ్ ఏదో ఒకటి విని, ‘ఇందులో ఏముందని ఇంత గోల?’ అని పక్కన పెట్టేసినవాళ్లూ నాకు తెలుసు. వాళ్లను తప్పుపట్టను. ఆ బ్యాండు స్టూడియోలో దొరకదు. 1965 నుంచి 1995లో దాని గిటారిస్టు, గాయకుడు జెర్రీ గార్సియా పోయేదాకా రెండు వేలకు పైగా కచేరీలు చేసింది. అసలు సరుకంతా ఆ కచేరీల టేపుల్లోనే ఉంది.

ఒక్కటే వినమంటే 1977 మే 8, కార్నెల్ యూనివర్సిటీ బార్టన్ హాల్ కచేరీ వినమంటాను. అందరూ చెప్పేది అదేగా అని వెక్కిరించే అభిమానులున్నారు, ఉండనీండి. రెండో భాగం మొదట్లో ముందున్న జనం నలిగిపోతుంటే, ఒక్క అడుగు వెనక్కి వెయ్యండని బ్యాండులోని మరో గిటారిస్టు బాబ్ వియర్ వాళ్లను బతిమాలడం కూడా టేపులో పడింది. ఆ వెంటనే ‘స్కార్లెట్ బెగోనియాస్’ పాట. చరణాలు అయిపోతాయి, వాయించడం మాత్రం ఆగదు. ఫిల్ లెష్ బేస్ మెల్లగా వేరే నడక అందుకుంటుంది, ఇద్దరు డ్రమ్మర్లూ దాని వెంట పోతారు, గార్సియా ఇంకా పాత పాటలోనే తచ్చాడుతుంటాడు. ‘ఫైర్ ఆన్ ది మౌంటెన్’ సరిగ్గా ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపించలేం. రెండూ కలిపి పాతిక నిమిషాల పైమాటే. ఆ రెండో పాటకున్నవి రెండే కార్డ్స్, అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపులు. వాటి మీదే అంతసేపు వాయిస్తూ గార్సియా ఎక్కడా విసుగు పుట్టించడు.

నెరవల్లో ఒక్క పంక్తినే అటూ ఇటూ తిప్పి పాడుతుంటే తలూపే మనకు ఇదేమీ వింత కాదు. పద్యనాటకాల్లో వన్స్ మోర్ కొట్టించుకుని, అదే పద్యానికి ఇంకాస్త రాగం తీసిన నటులు మనకెంతమంది లేరు! కాకపోతే ఆ రాగాల్లో చాలావరకు ఆ రాత్రితోనే పోయాయి. డెడ్ కచేరీలు ఇన్ని మిగలడానికి ఒక పెద్ద కారణం, రికార్డు చేసుకునే అభిమానులను తరిమెయ్యకపోవడం. వాళ్ల మైకు స్టాండ్లు సౌండ్ ఇంజనీర్లకు అడ్డొస్తుంటే, 1984లో మిక్సింగ్ బల్ల వెనక చోటిచ్చి వేరే టికెట్లు అమ్మారు. షరతు ఒక్కటే: మార్చుకోండి, అమ్ముకోవద్దు. ఖాళీ క్యాసెట్టు, పోస్టల్ ఖర్చులు పంపితే ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా కాపీ చేసి పంపేవారు.

కార్నెల్ టేపు కథ ఇంకా చిత్రం. రికార్డు చేసిన ఇంజనీరు బెట్టీ క్యాంటర్-జాక్సన్. అద్దె కట్టలేకపోవడంతో ఆవిడ స్టోరేజీలో దాచిన టేపులు 1986లో వేలానికి పోయాయి. కొన్న అభిమానుల ద్వారా అవి ఊరూరా తిరిగాయి. 2017లో గానీ ఆ కచేరీ అధికారికంగా బయటికి రాలేదు. అప్పటికే అమెరికా జాతీయ గ్రంథాలయం లాంటి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దాన్ని జాతీయ రికార్డింగుల జాబితాలో చేర్చేసింది.

బెట్టీ సౌండ్‌బోర్డు టేపులో, అంటే నేరుగా మిక్సర్ నుంచి తీసినదానిలో, ప్రతి తీగా విడివిడిగా వినిపిస్తుంది. అయినా నాకు ఒక్కోసారి జనంలోంచి తీసిన మసక టేపులే ఎక్కువ నచ్చుతాయి. వాటిలో హాలు ఎంత పెద్దదో తెలుస్తుంది, తొలి స్వరానికే పాటను పసిగట్టినవాడి కేక కూడా వినిపిస్తుంది.

మన తెలుగు సంఘాల వేడుకలకు వద్దాం. వీడియోలకు కొదవ లేదు. ఏ ఫోనులో చూసినా నలభై సెకన్ల పాట, పక్కవాళ్ల కబుర్లు. గాయకుడు ఆర్కెస్ట్రాతో సరదాగా సాగదీసిన పాట మొత్తం మాత్రం ఎవరి దగ్గరా ఉండదు. ముందే రికార్డు చేసిన ట్రాకు పెట్టి పాడితే దాచడానికి ఏమీ లేదు, అది వేరే సంగతి. నిజంగా వాయించే రాత్రులకైనా, కళాకారులు ఒప్పుకుంటే, మిక్సర్ వెనక రెండు కుర్చీలు, ఒక ఆడియో లైను ఇవ్వొచ్చు. కళాకారులతో రాసుకునే ఒప్పందంలో ఈ మాట ఒక్కటి చేర్చమని మా కమిటీని అడిగాను. ముందు భోజనాల కాంట్రాక్టు తేలనివ్వండి అన్నారు.