భయపడే డాక్టర్లు మాకు వద్దు

సైన్స్ ఫిక్షన్ సీరియళ్ల ప్రేక్షకులుగా మనం ఒక విషయంలో దశాబ్దాలుగా గట్టిగా నిలబడ్డాం. నౌకలోకి కొత్త డాక్టర్ అడుగుపెట్టగానే మనం డిగ్రీలు అడగం, హస్తవాసి ఎలాంటిదని వాకబు చేయం. చెయ్యి వణుకుతోందా లేదా అని చూస్తాం. వణికిందా, ఇక ఆ డాక్టర్ పని అయిపోయినట్టే. వెయ్యిమందిని చంపితేగాని అర వైద్యుడు కాడని పెద్దలు అన్నారు. చంపడం గురించి మనకు పెద్దగా అభ్యంతరం లేదు. చంపేటప్పుడు మొహంలో కంగారు కనబడకూడదు, అంతే.

ధైర్యం మీద తీర్పు చెప్పే అర్హత మనకెక్కడిదని కొందరు గొణుగుతారు. ఎందుకు లేదు? రక్తపోటు చూపించుకోవడానికి వెళ్తే తెల్లకోటు కంటబడగానే అంకె ఎగబాకే జాతి మనది. దానికి వైద్యశాస్త్రంలో వైట్ కోట్ హైపర్‌టెన్షన్ అని ఒక పేరు కూడా సంపాదించిపెట్టాం. రక్తపరీక్షకు చెయ్యి చాపి, మొహం గోడమీది క్యాలెండర్ వైపు తిప్పుకుంటాం. సరిగ్గా అందుకే డాక్టర్ భయపడకూడదంటున్నాం. ఆ గదిలో పడాల్సిన భయమంతా మనమే పడుతున్నాం కదా. ఇద్దరూ భయపడితే ఫీజు ఎవరు ఎవరికి ఇవ్వాలి?

మన ముందుకు వచ్చిన కేసుల్లో అతి ముఖ్యమైనది డాక్టర్ కేథరిన్ పులాస్కీది. 1988 నవంబరులో ‘స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్’ రెండో సీజన్ మొదలైంది. మొదటి సీజన్ అంతా వైద్యం చేసిన బెవర్లీ క్రషర్ కనబడలేదు. స్టార్‌ఫ్లీట్ అనే అంతరిక్ష నౌకాదళపు వైద్యవిభాగానికి అధిపతిగా వెళ్లిందని కథలో చెప్పారు. అంటే ప్రమోషన్ మీద బదిలీ అన్నమాట. ఉద్యోగుల భాషలో దీనికి అర్థమేమిటో తెలిసినవాళ్లకు తెలుసు. ఆ కుర్చీలోకి పులాస్కీగా డయానా మల్డార్ వచ్చారు. వచ్చిన డాక్టర్ కెప్టెన్ పికార్డ్ ముందు హాజరు వేయించుకోకుండానే టెన్ ఫార్వర్డ్ అనే కాలక్షేప మందిరంలో కనబడింది. నౌకలో అందరికీ ఇష్టుడైన డేటా అనే యంత్రమానవుడి పేరును తప్పుగా పలికింది. అతను సరిదిద్దితే, ఎలా పిలిస్తే ఏమిటట అన్న ధోరణిలో మాట్లాడింది. ఇవన్నీ చాలవన్నట్టు, ఆవిడకు ట్రాన్స్‌పోర్టర్ అంటే భయం.

ట్రాన్స్‌పోర్టర్ సంగతి తెలియనివారికి ఒక మాట. మనిషిని అణువులుగా విడగొట్టి, ఆ నమూనాను దాచిపెట్టి, ఇంకోచోట మళ్లీ పేర్చే యంత్రం అది. 1966లో వచ్చిన మొదటి సీరియల్ తీసేటప్పుడు, వారం వారం అంత పెద్ద నౌకను గ్రహాలమీద దించి చూపించడానికి డబ్బు చాలక కనిపెట్టిన ఉపాయం. పుట్టుకతోనే అది పొదుపు పథకం. పొదుపు కోసం మనిషిని ముక్కలు చేస్తామంటే ఒక వైద్యురాలు వెనకాడింది. వెనకాడకుండా ఎగిరి గంతేసే డాక్టరే మనకు కావలసింది. తన ఒంటిమీద అంత లెక్కలేనివాళ్లు మన ఒంటిని ఎలా చూస్తారన్నది వేరే ప్రశ్న. దాన్ని ఇక్కడ ఎత్తవద్దని మనవి.

పులాస్కీ తరఫు న్యాయవాదులు ఒక ఎపిసోడ్‌ను పదేపదే సాక్ష్యంగా తెస్తుంటారు. 1989 జనవరిలో వచ్చింది. మనుషులను గబగబా ముసలివాళ్లను చేసి చంపే జబ్బు ఒకటి ప్రబలుతుంది. ఒక పరిశోధనాకేంద్రంలో జన్యుమార్పిడితో పెంచిన పిల్లలున్నారు. ఆ పిల్లలవల్ల జబ్బు అంటుతుందా లేదా తేలాలి. వాళ్లలో ఒక కుర్రవాణ్ణి రక్షణ కవచంలో ఉంచి నౌకలోకి తెచ్చినా, ఆ కవచం అక్కడే తీయడానికి పికార్డ్ ఒప్పుకోడు. అప్పుడీ పిరికి డాక్టర్ ఏం చేసిందంటే, చిన్న షటిల్ నౌకలో జబ్బు అంటని డేటాను నడపమని కూర్చోబెట్టి, ఆ పిల్లవాడి చుట్టూ ఉన్న రక్షణ కవచం తీయించి, పక్కనే తానుండి చూసింది. అంటింది. గంటల్లో జుట్టు నెరిసి, కీళ్లు పట్టేసి, చేతులు ముడతలుపడి కూర్చుంది. నెమ్మదిగా నోట్సు చెబుతూనే ఉంది. ధైర్యమంటే ఇది కాదా అని వాళ్లు అడుగుతారు. కావచ్చు. కానీ ట్రాన్స్‌పోర్టర్ ఎక్కమంటే మొహం చిట్లించిందా లేదా? దానికి జవాబు చెప్పండి.

ఆ కథలో ముచ్చటైన ముడి ఒకటి ఉంది. ఆవిడను బతికించగలిగేది ఆ ట్రాన్స్‌పోర్టర్ ఒక్కటే. జబ్బుకు ముందటి నమూనా ఒకటి దొరికితే దాని ప్రకారం శరీరాన్ని మళ్లీ పేర్చవచ్చు. కానీ యంత్రం దరిదాపులకు పోని మనిషి నమూనా ఎక్కడ దొరుకుతుంది? పాత నౌక కెప్టెన్‌ను అడిగినా లాభం లేకపోయింది. చివరికి ఆవిడ గదిలో తల దువ్వుకునే బ్రష్షుకు చిక్కుకున్న వెంట్రుక ఒకటి దొరికి, దానిలోని జన్యువులతో పని కానిచ్చారు. భయపడ్డ నేరానికి ఇంతకంటే చక్కటి శిక్ష రచయితలు వేయలేరు. అయినా మనకు సరిపోలేదు. సీజన్ పూర్తికాగానే పులాస్కీ మాయమైంది. మూడో సీజన్‌లో క్రషర్ తిరిగి వచ్చింది. ఏ వీడ్కోలూ లేదు, ఒక పూలగుత్తీ లేదు.

ఇక్కడే పాత ఫైలు ఒకటి తెరవాల్సి వస్తోంది, తప్పడం లేదు. మొదటి సీరియల్‌లో డాక్టర్ లెనార్డ్ మెకాయ్, డిఫారెస్ట్ కెల్లీ వేసిన పాత్ర. మన దూరదర్శన్ కూడా ఒకప్పుడు చూపించింది కాబట్టి మనలోనూ కొందరికి పరిచితుడే. ఆయనకూ ట్రాన్స్‌పోర్టర్ అంటే ఒళ్లు మంట. వైద్యం చేయడానికి నౌకలో చేరానే గాని, నా అణువులను ఆకాశమంతా వెదజల్లించుకోవడానికి కాదని 1967లోనే గొడవపడ్డాడు. 1987లో ‘నెక్స్ట్ జనరేషన్’ మొదటి కథలో నూట ముప్ఫై ఏడేళ్ల అడ్మిరల్‌గా, నడుము వంగి, డేటా పక్కన నడుస్తూ మళ్లీ కనబడ్డాడు. ట్రాన్స్‌పోర్టర్‌లో పోతే సులువు కదా అని డేటా అంటే, నా అణువులను చెల్లాచెదురు చేయాలని ఉందా అబ్బీ అన్న అర్థంలో కసిరాడు. అది చూసి మనం ఏమన్నాం? ముసలాయన మారలేదని మురిసిపోయాం. ఏడాది దాటీ దాటగానే అదే భయం, అదే కసురు, అదే వృత్తి ఒక నడివయసు స్త్రీ రూపంలో వస్తే, ఈవిడ ఎవరండీ అన్నాం.

మెకాయ్ వెక్కిరింతలు మాత్రం తక్కువా? అదే నౌకలో పనిచేసే, సగం వేరే గ్రహంవాడైన స్పాక్‌ను చెవుల గురించి అన్నాడు, ఆకుపచ్చ రక్తం గురించి అన్నాడు, కంప్యూటర్ అన్నాడు. స్పాక్ ఒక కనుబొమ్మ పైకెత్తి రెండింతలు వడ్డించేవాడు. అదో సరసం. డేటాకు ఆ విద్య రాదు. అవమానం జరిగిందనే తెలియక, పరిశోధనాంశం దొరికినట్టు తల పక్కకు వాల్చి వింటాడు. తిరిగి అనలేనివాణ్ణి అంటే చూసేవాళ్లకు కడుపు మండుతుంది. నిజానికి ప్రేక్షకులకు పులాస్కీ మీద కోపం రావడానికి అసలు కారణాల్లో ఇది పెద్దది. రెండోది, ఖాళీ అయిన కుర్చీలో కూర్చోవడం. ఆ కుర్చీలో ధన్వంతరి వచ్చి కూర్చున్నా, క్రషర్ ఏదయ్యా అనే అడిగేవాళ్లం. కానీ ఈ రెండు కారణాలూ ఫిర్యాదులో రాస్తే చిన్నతనంగా ఉంటుంది. అందుకని భయం అని రాశాం. వినడానికి సిద్ధాంతంలా ఉంటుంది.

భయం అకారణమని చెప్పుకోవడంలోనూ మనకు చిన్న ఇబ్బంది ఉంది. డాక్టర్ అన్నవారు కేసు షీట్లు చదువుతారు. ట్రాన్స్‌పోర్టర్ కేసు షీటు ఇలా ఉంటుంది: 1966లో కెప్టెన్ కర్క్‌ను పంపితే మంచివాడొకడు, చెడ్డవాడొకడుగా ఇద్దరు దిగారు. 1967లో నలుగురిని పంపితే వేరే విశ్వంలో తేలారు. 1979 స్టార్ ట్రెక్ సినిమాలో ఇద్దరు ఆ వేదికమీద పూర్తిగా రూపం కట్టకుండానే చనిపోయారు. అదే రోజు మెకాయ్ వచ్చి, ముందు మీరు పొండి, మీ అణువులు ఎలా కలుస్తాయో చూస్తానని మిగతావాళ్లను ముందుకు తోశాడు. 1993లో రైకర్ అనే అధికారికి రెండో ప్రతి ఒకటి ఉన్నట్టు బయటపడింది. ఎనిమిదేళ్లుగా ఒక గ్రహంమీద ఒంటరిగా పడి ఉన్నాడు పాపం. 1996లో ఇద్దరిని పంపితే కలిసిపోయి ఒక్కడే వచ్చాడు. ఇంత చరిత్ర ఉన్న యంత్రాన్ని ఏ ఆసుపత్రిలో పెట్టినా కలెక్టర్ వచ్చి సీలు వేసేవాడు. అయినా నౌకలో ఇంజనీర్లు, సైనికులు, వంటవాడితో సహా దాదాపు అందరూ నవ్వుతూ ఎక్కుతారు. ముందుగా మొరాయించేది డాక్టర్లే. పిరికితనానికి ఇంతకంటే రుజువేం కావాలి?

మెకాయ్‌ను పెద్దరికం చూసి క్షమించామనుకుందాం. డాక్టర్ జకరీ స్మిత్‌ను దేనికి నెత్తిన పెట్టుకున్నామో చెప్పడం నాకైతే కష్టం. ‘లాస్ట్ ఇన్ స్పేస్’ 1965 సెప్టెంబరులో మొదలైంది. రాబిన్సన్ కుటుంబం వేరే నక్షత్రానికి కాపురం మార్చడానికి బయలుదేరుతుంది. స్మిత్ శత్రువుల మనిషి. బయలుదేరిన ఎనిమిది గంటలకు నౌకను ధ్వంసం చేయమని రోబోకు నూరిపోసి, దిగేలోపు తలుపులు మూసుకుపోయి తానే లోపల ఇరుక్కుంటాడు. ఆయన బరువుతోనే నౌక దారి తప్పుతుంది. ఆ పాత్ర కొన్నాళ్లకు పోవాల్సింది. వేసిన జోనథన్ హారిస్ ఆ సంగతి తెలిసి, తన సంభాషణలు తానే తిరగరాసుకుంటూ, విలన్‌ను నెమ్మదిగా పిరికి బడాయిరాయుడిగా మార్చేశారు. కీచుమనడం, ఆ ఇంటి కుర్రవాడు విల్ వెనక నక్కడం, పని చెప్పగానే నడుము సుతారమైనదని గుర్తుచేయడం, రోబోను ప్రాసలు కట్టి తిట్టడం. ప్రేక్షకులు పడిపడి నవ్వారు. ఇంటి పెద్దగా కత్తి తిప్పాల్సిన గై విలియమ్స్ పక్కకు జరిగి చోటివ్వాల్సి వచ్చింది. ఎనభై మూడు ఎపిసోడ్లలోనూ హారిస్ పేరు ప్రత్యేక అతిథిగానే పడింది. చుట్టపుచూపుగా వచ్చి మూడేళ్లున్నారు. పాపం మల్డార్ పేరు కూడా అతిథి నటిగానే పడేది. ఆవిడను మాత్రం ఏడాదికే సాగనంపాం.

స్మిత్‌కు ఉన్నది వైద్యపట్టా కాదని, ఏదో మనస్తత్వశాస్త్రమని ఎవరైనా గుర్తుచేయవచ్చు. నిజమే. బహుశా అదే ఆయన్ను కాపాడింది. ఆయన చేతికి మన నాడి ఇచ్చే ప్రమాదం లేదు. ఆయన భయం మనకు ఖర్చు లేని వినోదం.

మన మొర విన్నారో ఏమో, 1995లో ‘స్టార్ ట్రెక్: వాయేజర్’ వాళ్లు భయం పుట్టడానికి ఒళ్లే లేని డాక్టర్‌ను తయారుచేశారు. కాంతితో చేసిన బొమ్మ, రాబర్ట్ పికార్డో వేసింది. గుండె లేదు, దడ రాదు. అత్యవసర సమయంలో స్విచ్ వేస్తే వచ్చి, పని చూసుకుని, ఆపేస్తే పోవాలి. మనం కోరుకున్న డాక్టర్ అచ్చంగా ఇదే. మరి ఏం జరిగింది? ఒపేరా పాడాడు, పగటికలలు కన్నాడు, పొగడలేదని అలిగాడు. 1998లో ఒక కథలో ఆయన్ను వేరే నౌకకు పంపితే, అక్కడ తనకంటే కొత్త మోడల్ కాంతిడాక్టర్ కలిశాడు. శత్రువులు నౌకను ఆక్రమించి ఉన్నారు. కొత్త మోడల్, అంటే మరింత మెరుగుపరిచిన మోడల్, ఎవరైనా వచ్చి కాపాడేవరకు ఆగుదామని బేరాలాడాడు. వెలుతురుకు కూడా భయం పట్టించగలరన్నమాట ఈ రచయితలు.

ఇంత చదివాక, ప్రేక్షకుల తరఫున నా విన్నపం సూటిగా పెడుతున్నాను. ఇకమీదట కొత్త డాక్టర్‌ను నియమించవలసి వస్తే పాత డాక్టర్‌నే నియమించండి. అసాధ్యమని తోసిపుచ్చకండి, జరిగిన పనే. క్రషర్ సంగతి చూశాం కదా. ఇంకొకటి ‘స్టార్‌గేట్ అట్లాంటిస్’లో జరిగింది. 2004లో వచ్చిన ఆ సీరియల్‌లో డాక్టర్ కార్సన్ బెకెట్ అనే స్కాట్లాండ్ ఆయన పుట్టుభయస్థుడు. ప్రాచీనులనే పాత జాతివాళ్లు వదిలిపోయిన, మనసుతో ఆయుధాలు నడిపే కుర్చీలో కూర్చోమంటే భయం. భయపడుతూనే కూర్చుని, పొరపాటున ఒక క్షిపణి లేపి, సొంత జనరల్ ఎక్కిన హెలికాప్టర్‌ను దాదాపు కూల్చినంత పని చేశాడు. ఒక గ్రహం నుంచి ఇంకో గ్రహానికి దాటించే నక్షత్రద్వారం (స్టార్‌గేట్) దాటాలన్నా భయమే. మూడో సీజన్‌లో, ఒక రోగి ఒంట్లో పేలడానికి సిద్ధంగా ఉన్న కణితిని, అందరూ వద్దంటున్నా కోసి తీశాడు. రోగి బతికాడు. కణితిని బాంబుల నిపుణుడి చేతికి అందించి వెనక్కి తిరిగేలోపే అది పేలి, డాక్టర్ పోయాడు.

అప్పుడు చూడాలి మన ప్రేక్షకులను. బతికున్నన్నాళ్లూ వణుకుతాడని నవ్వినవాళ్లు కూడా ఆయన్ను వెనక్కి తెమ్మని ఉద్యమం లేవదీశారు. నాలుగో సీజన్‌లో తెచ్చారు కూడా. పోయినాయన కాదు, శత్రువు ఒకడు రహస్యంగా తయారుచేసిన క్లోన్. అదే యాస, అదే మొహం. క్రమం తప్పకుండా ఇంజెక్షన్ పడకపోతే కణాలు కుళ్లిపోయే శరీరం. ఆయన్ను ప్రేక్షకులు చప్పట్లతో లోపలికి పిలిచారు. ఈసారి చెయ్యి వణుకుతోందా లేదా అని ఎవరూ చూడలేదు.