ముందు బడి పేజీలో పిల్లల ఫోటోలు చూడండి

సోషల్ మీడియా జాగ్రత్తలను బడిలో పాఠంగా పెట్టాలన్న వాదనతో నాకు పేచీ లేదు. కానీ ఆ పాఠం చెప్పాల్సిన బడే చేస్తున్న పని సంగతేమిటి? పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు ప్రైవేటు స్కూళ్ల ఫేస్‌బుక్ పేజీలు తెరవండి. పిల్ల ఫోటో, పేరు, మార్కులు, చాలాచోట్ల కింద హాల్ టికెట్ నంబరు కూడా. ఫలితాల వెబ్‌సైటులో ఆ నంబరు కొడితే సబ్జెక్టులవారీగా మార్కులన్నీ ఎవరికైనా కనిపిస్తాయి. ఫ్లెక్సీల మీదా అదే తంతు. ఆ అమ్మాయిని ఎవరైనా అడిగారా? 18 ఏళ్ల లోపు వారి వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం అంటోంది. అడ్మిషన్ ఫారం చివర్లో చూడకుండా పెట్టిన సంతకాన్ని నేనైతే అనుమతి అనను.

ఇక పాఠమంటారా, "అపరిచితులతో మాట్లాడకండి" అని బోర్డు మీద రాస్తే పిల్లలు నవ్వుకుంటారు. ఫోన్ చేతికిచ్చి చేయించాలి. ఇన్‌స్టాలో మనల్ని ఎవరు ట్యాగ్ చేయొచ్చో మార్చడం, ఏయే యాప్‌లకు లొకేషన్ ఇచ్చామో వెతికి తీసేయడం. మా ట్యూషన్‌లో ఎనిమిదో తరగతి వాళ్లకు ఒక ఫోటో చూపించి, యూనిఫాం మీది బ్యాడ్జీ, వెనక దుకాణం బోర్డు పట్టి అది ఏ వీధో చెప్పమంటాను. ఎగబడి చెబుతారు (మరుసటి రోజు సగం మంది డీపీలు మారిపోతాయి!). ఎవడైనా ఫోటో మార్ఫ్ చేసి బెదిరిస్తే ఇంట్లో తిడతారని దాచుకోకుండా, స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకుని 1098 (పిల్లల హెల్ప్‌లైన్)కి గానీ 1930 (సైబర్ నేరాల హెల్ప్‌లైన్)కి గానీ ఫోన్ చేయాలని కూడా చెప్పాలి. ఆ నంబర్లు ఎన్ని బళ్ల గోడల మీద ఉన్నాయి?