రిఫండూ మనదే, వస్తువూ మనదేనా?

వారం రోజులుగా బెంగళూరులో మా మారతహళ్లి అపార్ట్‌మెంటు తెలుగు గ్రూపులో ఒక మెసేజ్ తిరుగుతోంది. కర్నూలు నుంచి మా పెద్దమ్మ కొడుకు కూడా అదే పంపాడు. సారాంశం ఇది: "ఆన్‌లైన్‌లో కొన్నది టైముకి రాలేదని కంపెనీ డబ్బు వెనక్కి వేసి, తర్వాత వస్తువు కూడా వచ్చిందా? రెండూ మీవే. తప్పు వాళ్ళది. చట్టం ప్రకారం అది ఉచితం. 30 రోజుల్లో అడక్కపోతే ఇక వాళ్ళకు హక్కు లేదు. కోట్ల కంపెనీకి మీ రెండు వేలు ఒక లెక్కా? వాళ్ళు మనల్ని ఎన్నిసార్లు ముంచలేదు!" చివర రెండు చేతులు జోడించిన బొమ్మ. ఎవరికి మొక్కుతున్నాడో తెలీదు.

నేను "ఇది తప్పండీ" అని ఒక్క ముక్క పెడితే, మూడో అంతస్తు ఆయన "మీకు రాలేదని కుళ్ళా సార్?" అన్నారు. వచ్చింది సార్. అందుకే ఇంత రాస్తున్నా.

ఉగాదికి అమ్మ వస్తోందని మిక్సీ ఆర్డర్ పెట్టాను, 3,290 రూపాయలు. నాలుగు రోజుల్లో ఇస్తామన్నారు. పదకొండో రోజుకు "మీ పార్సెల్ దారిలో పోయింది, క్షమించండి" అని రిఫండ్ వేశారు. ఈలోపు పండగ రానే వచ్చింది. భక్ష్యాల పూర్ణం రుబ్బాలి కదా, సందు చివరి కొట్లో ఇంకోటి కొన్నాం, రెండు వందలు ఎక్కువ పెట్టి. పంతొమ్మిదో రోజు కింద సెక్యూరిటీ నుంచి ఫోన్: "సార్, పార్సెల్ బంతు." కన్నడంలో వచ్చిందని. అట్టపెట్టె ఒక మూల నలిగిపోయింది, లోపల జార్లు మాత్రం చెక్కుచెదరలేదు. అమ్మ చూసి, "చెల్లెలికి పంపుదాంలేరా" అంది. రెండు రోజులు ఆ పెట్టె చెప్పుల స్టాండు పక్కనే ఉంది. ఆ రెండు రోజులూ నేనూ ఆ మెసేజ్‌లో ఉన్న మాటలే నాకు నేను చెప్పుకున్నాను.

"తప్పు వాళ్ళది." నిజమే, ఇందులో వాదం లేదు. దానికి మందు కూడా ఉంది. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, చెప్పిన గడువు దాటి సరుకు వస్తే దాన్ని వెనక్కి తీసుకోననీ, డబ్బు ఇవ్వననీ అనే వీలు అమ్మకందారుకు లేదు, వరదల్లాంటి ఆపద అడ్డొస్తే తప్ప. అంటే వస్తువు వద్దనుకునే హక్కు మనకు ఉంది, వద్దనుకుంటే డబ్బు మనది. వస్తువు అక్కడికి, డబ్బు ఇక్కడికి.

"మరి మనం పడ్డ టెన్షన్‌కి?" అంటారు. అడగండి. నేనూ అడిగాను, ఆ రెండు వందలు ఇప్పించమని. ఇవ్వకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళొచ్చు. సరుకు ధర 5 లక్షల లోపైతే అక్కడ ఫీజు కూడా లేదు. అదంతా వదిలేసి చెప్పకుండా వస్తువు ఉంచుకోవడమంటే, ఫిర్యాదీ మనమే, జడ్జీ మనమే, జప్తు చేసే అమీనూ మనమే అయినట్టు. ఆ తీర్పులో లెక్కయినా కుదురుతుందా? పెళ్ళి అయిపోయాక వచ్చిన 900 రూపాయల జాకెట్టుకి పరిహారం 900. పాతది బాగానే పనిచేస్తుండగా సరదాకి కొన్న 40 వేల ఫోన్ ఆలస్యమైతే పరిహారం 40 వేలు. పడ్డ ఇబ్బందికీ వస్తువు ధరకీ ఏం సంబంధం?

"చట్టం ప్రకారం ఉచితం." ఈ మాట ఎక్కడ పుట్టిందో ఊహించగలను. అమెరికాలో, బ్రిటన్‌లో ఒక చట్టం ఉంది: మనం అడగని వస్తువు ఇంటికి పంపి, తర్వాత బిల్లు పంపి డబ్బు గుంజే వాళ్ళను ఆపడానికి, అలా వచ్చిన వస్తువును ఊరికే ఉంచుకోవచ్చన్నారు. అది అడగనిదాని సంగతి. ఈ మిక్సీ నేను అడిగి, వేళ్ళు అరిగేలా ట్రాక్ చేసిన మిక్సీ.

మన దగ్గర చెల్లేది 1872 నాటి కాంట్రాక్టు చట్టం. దాని 72వ సెక్షన్ ఒక్క వాక్యమే: పొరపాటున డబ్బు గానీ వస్తువు గానీ అందుకున్నవాడు తిరిగి ఇవ్వాలి. అక్కడే ఒక చిన్న ఉదాహరణ కూడా ఇచ్చారు. ఇద్దరు కలిసి ఒకాయనకు వంద రూపాయలు బాకీ. ఒకడు తీర్చేశాడు. ఆ సంగతి తెలియక రెండోవాడూ వంద కట్టాడు. ఆ రెండో వంద తిరిగి ఇవ్వాల్సిందే. 150 ఏళ్ళ కిందటి ఆ వంద బదులు మన రిఫండు పెట్టి చదువుకోండి. ఇంకా దూరం పోతే, 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 314వ సెక్షన్ ఉంది. మొదట తనదే అనుకుని మంచి మనసుతోనే తీసుకున్నా, కాదని తెలిశాక దురుద్దేశంతో సొంతం చేసుకుంటే నేరమే అని దాని ఉదాహరణల్లోనే ఉంది. మిక్సీ కోసం పోలీసులు మారతహళ్లి రారు, ఆ మాత్రం నాకూ తెలుసు. కానీ చట్టం పేరు ఎత్తింది మెసేజ్ రాసినాయన.

ఆ 30 రోజుల గడువు ఏ చట్టంలోనూ లేదు. ఇలాంటి బాకీలకు 1963 నాటి లిమిటేషన్ చట్టం మామూలుగా మూడేళ్ళు ఇస్తుంది.

"కోట్ల కంపెనీ." ఇది నన్ను కూడా పట్టేసిన మాట. కాకపోతే ఆ సరుకు ఎవరిది? విదేశీ పెట్టుబడి ఉన్న ఆన్‌లైన్ సంత సొంత సరుకు పెట్టుకుని అమ్మడానికి మన ఎఫ్‌డీఐ (విదేశీ పెట్టుబడి) నిబంధనలు మామూలుగా ఒప్పుకోవు. అమ్మేది ఇంకెవరో. నాకు తెలిసిన ఒకామెది ధర్మవరం, ఇక్కడ బెంగళూరు చిక్కపేటలో మెట్ల కింద చిన్న గది. చీరలు మడతపెట్టి ఆన్‌లైన్‌లో అమ్ముతుంది. ఆమె ఫోన్‌లో సెటిల్‌మెంట్ పేజీ చూపించింది: 1,850 రూపాయల చీర, పక్కన మైనస్ గుర్తుతో ఎర్రటి అంకె. కస్టమర్‌కి రిఫండ్ వెళ్ళింది, చీర వెనక్కి రాలేదు. క్లెయిమ్ పెడితే ప్యాకింగ్ వీడియో అడిగారట. "ఒక చేత్తో మడతపెట్టి, ఒక చేత్తో వీడియో ఎట్ల తీసేదన్నా?" అంది. ప్రతిసారీ నష్టం అమ్మకందారు నెత్తినే పడుతుందని నేననను. కొన్నిసార్లు కంపెనీయే భరిస్తుంది. ఎవరి నెత్తిన పడిందో మనకు కనపడదు. కనపడనంత మాత్రాన పెద్దవాళ్ళదే అయ్యుంటుందని అనుకోవడం మనకు భలే వీలుగా ఉంది.

"వాళ్ళు మనల్ని ముంచలేదా?" ముంచారు. ముంచినవాడూ, ఈ చీరలమ్మే ఆవిడా ఒకరు కాదు.

అలాగని పార్సెల్ నెత్తిన పెట్టుకుని కొరియర్ ఆఫీసుకు మోసుకుపోనక్కర్లేదు. విషయం చెప్పండి, వాళ్ళ ఖర్చుతో తీసుకుపొమ్మనండి. పెట్టె భద్రంగా ఉంచండి, చాట్ స్క్రీన్‌షాట్ తీసుకోండి. "దాని కోసం మనిషిని పంపలేం, మీరే ఉంచుకోండి" అన్నారంటే నిజంగానే మీది, పండగ చేసుకోండి. చవక వస్తువులకు అలా అనడం కొత్తేమీ కాదు. ఇంకో జాగ్రత్త: "రిఫండ్ ఎక్కువ వెళ్ళింది, ఈ లింకులో తిరిగి వేయండి" అని తెలియని నంబర్ నుంచి ఫోన్ వస్తే పైసా వేయకండి. మాట్లాడేది యాప్‌లోనే.

నా సంగతి అంటారా, నలభై నిమిషాల చాట్. అవతలి రోబో మూడుసార్లు "మీ ఆర్డర్ ఇంకా అందలేదా?" అని అడిగింది. చివరికి మనిషి దొరికాడు. రెండు వందలు కూపన్‌గా ఇచ్చాడు, పికప్ పెట్టాడు. రెండుసార్లు ఎవరూ రాలేదు. మూడోసారి వచ్చిన కుర్రాడిది మదనపల్లె. పెట్టె స్కాన్ చేసి, ఫోన్ నా వైపు తిప్పాడు.

"రిటర్న్ రీజన్ ఏం పెట్టమంటారన్నా? పాడైంది, సైజు సరిపోలేదు, నచ్చలేదు... ఇవే ఉన్నాయి."

నచ్చలేదు అని పెట్టమన్నాను.