బాంబు ఎక్కించిన చేతులు యుద్ధం చేయలేదా?

మొన్న విజయ్ దివస్ నాడు, అంటే 1971లో పాకిస్తాన్‌పై గెలిచిన రోజున, కందుకూరు దగ్గర ఒక పాఠశాలవారు మా నాన్నను సభకు పిలిచారు. 1971 యుద్ధంలో ఆయన ఆగ్రాలో, వైమానిక దళం 5వ స్క్వాడ్రన్‌లో ఆయుధాల ఫిట్టర్. వేదిక మీద ఒక పెద్దమనిషి "మీరు విమానం నడిపారా అండీ?" అని అడిగారు. "లేదండీ, బాంబులు ఎక్కించేవాణ్ణి" అన్నారు నాన్న. "అయితే యుద్ధానికి వెళ్లలేదన్నమాట" అంటూ ఆయన మైకు పక్కవారికి ఇచ్చేశారు. నాన్న మౌనంగా కూర్చున్నారు. నా కోపం మాత్రం ఇంకా చల్లారలేదు.

నాన్న స్క్వాడ్రన్‌లో ఉన్నవి క్యాన్‌బెర్రాలు, బాంబులు వేసే విమానాలు. క్యాన్‌బెర్రా బాంబర్‌లో ఎగిరేది ఇద్దరే, పైలటూ, దారి చూపే నావిగేటరూ. వాళ్లను పంపడానికి ఇంజన్ చూసేవారు, రేడియో చూసేవారు, ఇంధనం నింపేవారు, అర్ధరాత్రి టీ కాచే వంటవారు, అందరూ మెలకువగానే ఉండాలి. డిసెంబరు 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు మన వైమానిక స్థావరాల మీద దాడి చేశాయి. వాటిలో ఆగ్రా కూడా ఉంది. తాజ్‌మహల్‌ను గుడ్డలతో కప్పేశారు. ఆ రాత్రే మన క్యాన్‌బెర్రాలు బదులు చెప్పడానికి బయలుదేరాయి. నాన్నకు అప్పుడు ఇరవై మూడేళ్లు.

ఒక్కో బాంబు దాదాపు 450 కిలోలు. ఆగ్రా చలిలో ఇనుము ముట్టుకుంటే చురుక్కుమనేదట. అయినా చేతి తొడుగులు తీసేసేవారు, లేకపోతే బాంబును పేల్చే ఫ్యూజు మర సరిగ్గా కూర్చుందో లేదో వేళ్లకు తెలియదు. లైట్లన్నీ ఆర్పేసి ఉండేవి, కాగితం చుట్టిన టార్చి వెలుగే ఆధారం. చివరగా, బాంబు ముందే పేలకుండా ఆపే ఎర్ర పట్టీలున్న పిన్నులు లాగి, లెక్కపెట్టి, పైలట్‌కు పైకెత్తి చూపించాలి. అంతకుముందే ఫారం 700లో, అంటే విమానం సిద్ధమని రాసే పుస్తకంలో, సంతకం. తన పనిలో పొరపాటు ఉంటే ఇద్దరి ప్రాణం పోతుందని తెలిసి పెట్టిన సంతకం అది. ఇది యుద్ధం కాక మరేమిటి?

ఇంజన్‌ను తిప్పే స్టార్టర్ తూటా ఢాం అని పేలి, నల్లటి పొగ చిమ్మి, ఇంజన్ అందుకునేది. ఆ తరువాత ఎదురుచూపు. ఆ రకం క్యాన్‌బెర్రాలో పైలట్‌కు ఎగిరి బయటపడే సీటు ఉండేది, నావిగేటర్‌కు లేదు. అందుకే బయలుదేరే ముందు నావిగేటర్ ముఖాన్నే ఎక్కువసేపు చూసేవాణ్ణని నాన్న ఒకసారి అన్నారు. తిరిగొచ్చే ఇంజన్ల చప్పుడును చీకట్లో లెక్కపెట్టుకునేవారట. వచ్చీరాగానే మళ్లీ బాంబులు.

ఉలవపాడులో మా నాయనమ్మకు కొడుకు ఎక్కడున్నాడో తెలియదు. చిరునామా 56 ఏపీఓ అని, అంటే సైనిక తపాలా కార్యాలయం నంబరు మాత్రమే ఉండేది. "మామిడి పూత బాగా వచ్చిందిరా నాయనా" అని రాయించిన ఉత్తరం యుద్ధం ముగిశాక చేరింది. అది ఇప్పటికీ పెట్టెలో ఉంది.

ఆ బాంబులు ఎక్కడ పడ్డాయి నాన్నా అంటే మాట మార్చేస్తారు. విజయం గురించి ఆయన గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. 2007లో క్యాన్‌బెర్రాలకు వీడ్కోలు పలికిన వార్త చూసిన రాత్రి మాత్రం అన్నం ముట్టలేదు.

పైలట్ల ధైర్యానికి నేనూ చేతులెత్తి మొక్కుతాను. కానీ వచ్చే డిసెంబరు 16న ఏ పాఠశాలవారైనా ఇలాంటి పెద్దవారిని పిలిస్తే, నడిపారా అని అడగకండి. ఆ రాత్రి ఎన్ని పిన్నులు లాగారో అడగండి. మా నాన్నకు ఆ లెక్క ఇప్పటికీ గుర్తుంది.